మంచం కదిలిన రోజు

జిలానీకి రేవులో ఎగరేసే తుపాను హెచ్చరికలు పదకొండూ నోటికొచ్చు. ఏ నంబరుకి తుపాను రేవుకి ఎడమపక్కన దాటుతుందో, ఏ నంబరుకి కుడిపక్కన దాటుతుందో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. సముద్రపొడ్డున చిన్న దర్గాలో కాలేషా బాబాకి శిష్యుడై మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళలో అతనికి బాగా వచ్చింది, నిజం చెప్పాలంటే, అదొక్కటే.

అందుకే పదో నంబరు ఎగరేశారన్న కబురు రాగానే పంచాయతీవాళ్ళు మైకు కట్టిన ఆటో ఒకటి పంపారు. "జిలానీ, పొద్దుగూకేలోపల పాళెం ఖాళీ కావాల. నీదే భారం," అన్నారు.

జిలానీ పాళెమంతా మూడుసార్లు తిరిగాడు. "రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ అయినది. తీవ్ర తుపాను తీరం దాటనున్నది. ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను!" గొంతు ఖంగుమంటోంది. తన గొంతు తనకే ముచ్చటేసింది.

పాళెంలో ఒక్కరు కూడా చాప చుట్టలేదు. వల బాగుచేసుకుంటున్న గోవిందు తలెత్తకుండానే, "అప్రమత్తంగానే ఉండాం లేబ్బా," అన్నాడు. ఎండుచేపలు గంపకెత్తుతున్న కావేరమ్మ అయితే, "గొంతు బాగుండాది నాయనా, ఇంకోసారి చెప్పు," అంది.

మధ్యాహ్నం దాటింది. సముద్రం బురదరంగుకి తిరిగింది. జిలానీ ఆటో దర్గా ముందు ఆపించి లోపలికి పరిగెత్తాడు.

కాలేషా బాబా వసారాలో నులకమంచం మీద కూర్చుని తీరిగ్గా వెల్లుల్లి ఒలుస్తున్నారు.

"బాబాజాన్, ఎవరూ కదలడం లేదు! మూడుసార్లు చెప్పాను."

"ఏం చెప్పావు?"

"పదో నంబరు ఎగరేశారని."

"నేనూ విన్నాను. నన్నేం చేయమంటావు?"

"అప్రమత్తంగా..."

"ఉన్నాను కదా," అని బాబా ఇంకో రెబ్బ తీసుకున్నారు.

జిలానీకి ఒళ్ళు మండింది. ఏదో అనబోయి ఆయన వంక చూశాడు. మంచం మీంచి వేలాడుతున్న ఆ సన్నటి కాళ్ళు నేలకి జానెడు ఎత్తున ఉన్నాయి. పొద్దున్నించీ ఊరంతా తిరిగినవాడు ఈ మనిషి సంగతే ఆలోచించలేదు.

"లేవండి బాబాజాన్. పొద్దుగూకేసరికి ఈ మంచం మీదికి నీళ్ళొస్తాయి. మీకేమన్నా అయితే నాకెవరున్నారు? లేవండి, తుపాను షెల్టర్‌కి పోదాం."

బాబా చటుక్కున లేచారు. ఒళ్ళోని వెల్లుల్లి రెబ్బలు నేలమీద దొర్లాయి. "ఇప్పుడు వినపడింది," అన్నారు. "మంచం ఎత్తుకో."

"మంచమెందుకు? అక్కడ చాపలున్నాయి."

"ఎత్తుకో. ప్రతి గడప ముందునించీ పోదాం."

జిలానీ మంచం నెత్తికెత్తుకున్నాడు. రెండు చేతులూ దానికే సరిపోయాయి. మైకు ఆటోలోనే ఉండిపోయింది.

మొదటి గుమ్మం గోవిందుది. "అన్నా, లే. సముద్రం నీ ఇంట్లోకి వస్తుంది. వల ఈ మంచం మీద పడెయ్. పిల్లల్ని ఎత్తుకో," అన్నాడు జిలానీ.

గోవిందు మంచాన్ని చూశాడు, వెనకాల నడుస్తున్న ముసలాయన్ని చూశాడు. "బాబయ్య మంచమే కదిలిందే!" అని లోపలికి ఒక్క కేక పెట్టాడు.

ఆ తర్వాత జిలానీకి ఊపిరాడలేదు. మంచం మీదికి వల ఎక్కింది, కోళ్ళగంప ఎక్కింది, ఎవరిదో సత్తు బిందె ఎక్కింది. ఒక కోడి గంపలోంచి మెడ చాచి అతని చెవి పొడిచింది. పిల్లలు పకపకా నవ్వారు. బరువు మోయలేక అతను తూలుతుంటే గోవిందూ మరో ముగ్గురూ వచ్చి తలా ఒక మంచంకోడు పట్టుకున్నారు. చేతులు ఖాళీ కాగానే జిలానీ ఇంటింటికీ ఉరికాడు. పేరుపెట్టి పిలిచాడు, తలుపులు బాదాడు, ఒక ఇంట్లో అయితే పొయ్యిమీది సంగటి కుండని కూడా ఎత్తుకొచ్చాడు.

కావేరమ్మ నడవలేనంది. సామాన్లు దించి ఆమెనే మంచం మీద కూర్చోబెట్టారు. "ఒరే, మెల్లిగా! పడేస్తార్రా!" అని అరుస్తూనే ఆవిడ పల్లకీలో పెళ్ళికూతురిలా దర్జాగా ఊరిని చూసుకుంటూ పోయింది. ఆడవాళ్ళు నవ్వాపుకోలేక కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు.

చివరి మనిషి షెల్టర్ మెట్లెక్కుతుండగా గాలి విరుచుకుపడింది. పై అంతస్తు కిటికీలోంచి చూస్తే దర్గా వసారాలోకి నురగనీళ్ళు జొరబడుతున్నాయి. లోపల మాత్రం సంగటి కుండ చుట్టూ పంక్తి, కోళ్ళ గోల, జాతరంత సందడి. జిలానీ తలలు రెండుసార్లు లెక్కపెట్టాడు. అందరూ ఉన్నారు. ఆనందం పట్టలేక నేలమీద చతికిలపడ్డాడు.

"అవ్వా," అన్నాడు కావేరమ్మతో, "పొద్దున అంత చక్కగా చెప్తే కదల్లేదే!"

"పొద్దున నీ కాళ్ళకి చెప్పులుండె నాయనా," అంది ఆమె.

జిలానీ కిందికి చూసుకున్నాడు. చెప్పులు ఏ గుమ్మం దగ్గర ఊడిపోయాయో తెలీదు. మోకాళ్ళదాకా బురద. మడమ దగ్గర గవ్వపెంకు కోసుకుని నెత్తురు చారకట్టింది. నొప్పి ఇప్పుడు తెలిసింది.

కాలేషా బాబా చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు కూర్చున్నారు. కాళ్ళ మీద నీళ్ళు పొయ్యబోతే జిలానీ కంగారుగా వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు బాబాజాన్, మీరు నా కాళ్ళు..."

"ఉండు," అన్నారు బాబా, మడమ పట్టుకుని. "ఊరిని మోసుకొచ్చిన కాళ్ళు."