చిలుక పెట్టిన ఎదురు విందు

మణిగిరి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే గజకేసరికి ఆకారం ఎంత పెద్దదో అహం అంతకంటే రెండు మూరలు ఎక్కువ. ఆయనకు ప్రాణప్రదమైన చిలుక ఒకటి ఉండేది. రాజుగారి చిలుక కాయా కసరూ తింటే ఎంత అప్రతిష్ఠ. అందుకని దానికీ రాజభోజనమే: పొద్దున సున్నుండ, మధ్యాహ్నం నేతిలో తేలే పులిహోర, సాయంత్రం జీడిపప్పు పాకం.

ఆరు నెలలు తిరిగేసరికి చిలుక బంతిలా ఉబ్బింది. ఈకలు రాలాయి. రోజూ "జయము మహారాజా" అనే నోరు మూతపడింది. ఆస్థాన వైద్యుడు రాజుగారి ముఖం చూసి రోగుల నాడి చెప్పే రకం. "నెయ్యి చాలలేదు ప్రభూ" అని తేల్చాడు.

"అయితే తప్పు దాన్ని సాకే నాగులమ్మదే. పున్నమిలోగా చిలుక పలక్కపోతే ఆమెను ఊరు దాటించండి" అన్నాడు రాజు.

నాగులమ్మ ఏడుస్తూ విదూషకుడు పేరన దగ్గరికి వచ్చింది. "జామకాయ పెడతానంటే కొట్టబోయారు బాబూ. ఆ జిడ్డు కూడు దానికి అరగదని ఎవరితో చెప్పుకోను? ఈ వయసులో నేనెక్కడికి పోను?"

పేరనకు జాలేసింది. ఆ వైద్యుడి మీద ఒళ్లు మండింది కూడా. కానీ రాజుకు నేరుగా చెబితే వినడని తెలుసు. "నువ్వెళ్లి పెసలు నానబెట్టమ్మా" అన్నాడు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, తమ పంక్తిలో ఆరు నెలలు భోంచేసినవారు తమకు ఎదురు విందు ఇవ్వాలనీ, వడ్డించింది తమరు మిగల్చకుండా తినాలనీ తమరు పెట్టిన ఆచారమే కదా. చిలుకగారు రేపు మధ్యాహ్నానికి పిలుస్తున్నారు."

పిట్ట సైతం తన ఆచారం పాటిస్తోందని రాజు పొంగిపోయాడు. మర్నాడు పొద్దుటి నుంచీ కడుపు మాడ్చుకుని, సభికులందరినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

బంగారు పళ్లెం మీద మూత తీశారు. మొలకెత్తిన పెసలు, పచ్చి జొన్నకంకి, కొయ్యని జామకాయ, రెండు పచ్చిమిరపకాయలు, గుప్పెడు తోటకూర. ఉప్పు లేదు, పోపు లేదు.

ఆచారం తనదే, తప్పదు. మిరపకాయ కొరికేసరికి రాజు కళ్లవెంట నీళ్లు కారాయి. కంకి దగ్గరికి వచ్చేసరికి దవడ పట్టేసింది. "ఇది మనిషి తినే తిండేనా?" అని గర్జించాడు.

"కాదు ప్రభూ, చిలుక తినేది" అన్నాడు పేరన. " దాని తిండితో తమకు ఒక్క పూట గడవలేదు. మన తిండితో అది ఆరు నెలలు వేగింది."

"మాటొచ్చిన పిట్టే కదా. వద్దని చెప్పొచ్చుగా?"

"ఎలా చెబుతుంది ప్రభూ? మనం దానికి నేర్పింది 'జయము మహారాజా' ఒక్కటే."

రాజు వైద్యుడి వైపు చూశాడు. తర్వాత వరుసగా సభికులందరినీ చూశాడు. ఒక్కరూ తల ఎత్తలేదు.

"ఆ పళ్లెం చిలుకకే పెట్టండి" అన్నాడు చివరికి, దవడ నిమురుకుంటూ. "నాగులమ్మ ఎక్కడికీ పోదు. ఇకనుంచి ఆమె చెప్పిందే దాని భోజనం."

రెండు నెలల్లో చిలుకకు కొత్త ఈకలొచ్చాయి, గొంతూ వచ్చింది. పేరన దానికి గుట్టుగా ఇంకో మాట నేర్పాడు. ఒకనాడు ఆస్థానకవి రాజుగారి బిరుదులు చదువుతూ ముప్ఫయ్యోదాని దగ్గరికి వచ్చేసరికి, కొయ్య మీద నుంచి చిలుక అంది: "చాలు."

రాజు పేరనను చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇన్నేళ్లలో ఈ సభలో నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే" అంటూ తన చేతి కంకణం తీసి అతనికి తొడిగాడు.

ఆ పూట భోజనంలో, పక్కనే కూర్చున్న వైద్యుడు రాజుగారి విస్తట్లో మూడో సున్నుండ వెయ్యబోయాడు. రాజు చెయ్యి అడ్డం పెట్టి, అచ్చం చిలుక గొంతుతో "చాలు" అన్నాడట.