చెండు కర్రకు కాపలా

జయకేతు మహారాజుకు ఎవరిమీదా నమ్మకం లేదు. వంపు కర్రతో చెండును కొట్టి దూరాన ఉన్న గుంటలో వేసే ఆటంటే మాత్రం ప్రాణం. ఆ నెల కొట్టిన ప్రతి చెండూ కుడివైపు పొదల్లోకే పోతోంది.

"పొరుగు రాజు లంచమిచ్చి కర్ర చెడగొట్టించాడు," అంటూ దాన్ని చెక్కిన వడ్రంగి ఓబులాచారిని చెరలో వేయించాడు. నిజం ఒప్పుకోకపోతే రేపు చేతులు నరికిస్తానన్నాడు.

వడ్రంగి భార్య తిరపమ్మ మైదానం పక్కన నిలబడి ఆట చూసింది. రాజు కట్టెలు కొట్టినట్టు కర్రను నిట్టనిలువుగా ఎత్తి అడ్డంగా లాగుతున్నాడు. తప్పు రాజుదేనంటే తన తలే పోతుంది.

"ప్రభూ, దొంగ కర్రకు కాపలా పెట్టండి," అంటూ బండిచక్రాన్ని ఆయన ముందు ఏటవాలుగా నిలబెట్టించింది. "దీని అంచు వెంటే ఎత్తి, అంచు వెంటే దించండి. కర్ర పక్కకు జారబోతే చక్రం ఆపుతుంది."

చెండు తిన్నగా, రెట్టింపు దూరం పోయింది.

"చూశావా! కాపలా ఉంటేగానీ బుద్ధిగా ఉండదు."

"ఇప్పుడు మీరు నమ్మే కర్రతో, కాపలా లేకుండా కొట్టండి ప్రభూ."

రాజు తన పడకగదిలో తాళం వేసి దాచుకున్న తండ్రిగారి కర్ర తెచ్చాడు. చెండు పొదల్లోకి పోయింది.

"దీన్నెవరు చెడగొట్టారు?" అని అరిచాడు.

"మా ఆయన చెరలో ఉన్నాడు. రెండు కర్రలనూ ముట్టుకున్నవాళ్లెవరో వెతికించండి."

రాజు భటులందరినీ ఎగాదిగా చూశాడు. చివరికి తన రెండు చేతులవంక అనుమానంగా చూసుకుని, "ఓబులాచారిని వదిలేయండి," అన్నాడు.