తాడు పట్టినవాళ్ళు

అనగనగా ఒక పెద్ద కొండ, తల్లీ. ఆ కొండకి ఒక పక్కంతా గోడలా నిట్టనిలువు చరియ. ఆ చరియకి చాటలంత తేనెపట్లు వేలాడేవి. కొండ పక్కనే ఒక చిన్న ఊరు. ఆ ఊరివాళ్ళకి తేనె తియ్యడమే బతుకు.

తేనె ఎలా తీసేవారో తెలుసా? ఒక మనిషి నడుముకి తాడు కట్టుకుని చరియ మీంచి కిందకి దిగుతాడు. పైన ఇంకో మనిషి ఆ తాడుని చెట్టు మొదలుకి ఒక చుట్టు చుట్టి, కొంచెం కొంచెంగా వదులుతాడు. గట్టిగా అరిస్తే ఈగలు రేగుతాయని భయం. అందుకని మాటలుండవు. కిందవాడు తాడుని మెల్లగా లాగాడంటే ఇంకా వదలమని. గట్టిగా ఒకసారి గుంజాడంటే ఆపమని, రెండుసార్లు గుంజాడంటే పైకి లాగమని. అంతే.

దిగినవాడి ప్రాణం పట్టినవాడి చేతిలో ఉంటుంది కదా, అందుకని ఆ ఊళ్ళో తాడు బావమరిది చేతికే ఇచ్చేవాళ్ళు. సొంత అక్క మొగుణ్ణి ఎవడైనా జాగ్రత్తగానే పట్టుకుంటాడు కదమ్మా!

ఆ ఊళ్ళో బయన్న ఉన్నాడు. పెళ్ళీడు కుర్రాడు. వాళ్ళక్క గంగి, బావ ఎర్రన్న. ఎర్రన్న చరియ దిగితే బల్లి పాకినట్టే ఉండేది. బయన్న తాడు పట్టేవాడు. మొదట్లో ఎంత బాగా పట్టేవాడో! దిగేముందు తాడంతా వేళ్ళతో తడిమి చూసేవాడు. పొద్దున్నే బావతో వెళ్ళి, ఈగలు ఎటు ఎగురుతున్నాయో, గాలి ఎటు వీస్తోందో చూసి వచ్చేవాడు.

అప్పుడు వాడికి దానప్పతో స్నేహం కుదిరింది.

దానప్ప చెడ్డవాడు కాదు తల్లీ. భలే నవ్వించేవాడు. సంతకి పోయే దారిలో ఒక బండ ఉండేది. ఆ బండ మీద వాడూ, వాడి స్నేహితులూ కూచుని వచ్చేపోయేవాళ్ళ మీద పాటలు కట్టేవాళ్ళు. బయన్నా అక్కడికి చేరాడు.

ఒకరోజు బయన్న తాడు తడిమి చూస్తుంటే దానప్ప అన్నాడు: "ఏరా, తాడుకి జ్వరమొచ్చిందా, అలా చెయ్యేసి చూస్తున్నావు?" అందరూ పడీ పడీ నవ్వారు. బయన్నా నవ్వాడు. ఆ తర్వాత తాడు తడమడం మానేశాడు.

ఇంకోరోజు బావతో పొద్దున్నే బయల్దేరుతుంటే, "ఈగల పెళ్ళికి పెద్దమనుషులు పోతున్నారు!" అన్నాడు దానప్ప. ఆ తర్వాత బయన్న పొద్దున్నే లేవడం మానేశాడు.

ఆ తర్వాత ఒకనాడు గంగి, "ఏం తమ్ముడూ, పని మీద ధ్యాస తప్పుతోంది నీకు" అంది. బయన్న తను ఏమంటున్నాడో తనకే తెలియకుండా, దానప్ప గొంతుతో, దానప్ప మాటలతో అక్కని వెక్కిరించాడు. గంగి వాడి మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండగా తేనె రోజులొచ్చాయి. ఎర్రన్న చరియ దిగుతున్నాడు. బయన్న తాడు వదులుతున్నాడు. చూడ్డానికని దానప్ప కూడా స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చి పక్కనే కూచున్నాడు. మెల్లగా, చెవిలో చెప్పినట్టు, ఏదో తమాషా చెప్పడం మొదలుపెట్టాడు. బయన్న తల అటు తిప్పాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

కింద ఎర్రన్న తాడు గట్టిగా గుంజాడు. బయన్న చేతికి తెలిసింది, మనసుకి తెలియలేదు. తాడు ఇంకా వదిలాడు.

నిలబడాల్సిన రాయి దాటిపోయింది. ఎర్రన్న కాలు జారింది. సర్రున తాడు పరిగెత్తింది. బయన్న అరచేతులు నిప్పులో పెట్టినట్టు కాలిపోయాయి. చెట్టుకి కాళ్ళు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, ఎలాగో ఆపాడు. కింద దబ్బున ఏదో రాయికి కొట్టుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"బావా!" అని అరిచాడు బయన్న.

అందరూ కలిసి పైకి లాగారు. ఎర్రన్న బతికే ఉన్నాడు. కానీ కుడి భుజం విరిగిపోయింది. పెదవులు నీలంగా మారాయి. ఊరంతా వచ్చింది. గంగి ఏడవలేదు, తిట్టలేదు. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని, తమ్ముడి వైపు చూడకుండానే అంది: "ఇకమీదట ఈ ఇంటి తాడు నేనే పట్టుకుంటా."

ఆడవాళ్ళు తాడు పట్టడం ఆ ఊళ్ళో లేదు. అయినా ఎవరూ నోరు మెదపలేదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం బయన్న బండ దగ్గరికే వెళ్ళాడు. వేరే ఎక్కడికి పోతాడు? దానప్ప భుజమ్మీద చెయ్యేసి, "నీ తప్పేముందిరా? రాయి జారింది. ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. ఆ మాట చల్లగా తగిలింది బయన్నకి. ఇంకోసారి అంటే బాగుండుననిపించింది. అలా అనిపించగానే వాడికి ఒళ్ళు జలదరించింది. రాయి జారలేదని వాడికి తెలుసు. అక్కడే ఇంకో నాలుగు రోజులు కూచుంటే, రాయే జారిందని తనే నమ్మేస్తాడు!

అప్పుడు బయన్న లేచి, లింగవ్వ ఇంటికి నడిచాడు.

లింగవ్వ ఊరందరికీ తాళ్ళు పేనే ముసలమ్మ. ఆమె వాకిట్లో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు కూచుని నార తీస్తుండేవాళ్ళు. ఆ రోజు భుజానికి కట్టుతో ఎర్రన్న కూడా అక్కడే కూచుని ఉన్నాడు. బయన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "బావా, నువ్వు గుంజావు. నేను నవ్వుతున్నా" అన్నాడు.

ఎర్రన్న కట్టు లేని చేత్తో పక్కనున్న నార జరిపాడు. ఆ తర్వాత, "కూచో" అన్నాడు.

ఆ వాకిట్లో పొగడ్త లేదు తల్లీ, వెక్కిరింతా లేదు. బయన్న రోజంతా కష్టపడి తాడు పేనితే, లింగవ్వ చూసి, "ఇక్కడ వదులైంది" అని విప్పేసేది. ఉడుక్కుని వెళ్ళిపోదామనుకున్నాడు. కానీ అవ్వ, పక్కనున్నామె తాడు కూడా విప్పేసింది. ఆమె ఉడుక్కోలేదు, మళ్ళీ మొదలుపెట్టింది. సరే అని బయన్నా మొదలుపెట్టాడు. వానలొచ్చాయి, పోయాయి. వాడి చేతులు నెమ్మదించాయి. మాట నెమ్మదించింది. ఎవరూ చెప్పకుండానే పొద్దున్నే లేచి గాలి చూడ్డం మొదలుపెట్టాడు.

ఒకనాడు లింగవ్వ పేనిన తాడు వాడి చేతికొచ్చింది. తడుముతూ తడుముతూ ఆగాడు. భయంభయంగా, "అవ్వా, ఇక్కడ ఒక పోగు తెగి ఉంది" అన్నాడు. లింగవ్వ కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "అవును" అంది. విప్పేసి, మళ్ళీ పేనడం మొదలుపెట్టింది. బయన్నకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మళ్ళీ తేనె రోజులొచ్చాయి. ఒక పొద్దున కొండ మీంచి కేకలు. ఇదేమంత గొప్ప పనని దానప్ప తనే చరియ దిగాడు! స్నేహితులు తాడు పట్టారు. సగంలో వాడు ఊగిపోయి, బయటకి పొడుచుకొచ్చిన రాయి కింద చిక్కుకున్నాడు. ఈగలు రేగాయి. పైన అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. ఒకడు లాగుతున్నాడు, ఒకడు వదులుతున్నాడు. రాయి అంచుకి ఒరుసుకుని తాడు పోగు పోగుగా తెగుతోంది.

బయన్న కొత్త తాడు భుజాన వేసుకుని పరిగెత్తాడు. వెనకే గంగి, ఎర్రన్న. పైకి చేరగానే తాడంతా తడిమి చూశాడు. అటు దానప్ప ప్రాణం పోతున్నా, తడిమి చూశాడు. నడుముకి కట్టుకుని, రెండో కొస అక్క చేతికిచ్చాడు. గంగి తమ్ముడి వైపు చూసింది. చెట్టుకి చుట్టు వేసింది.

"ఎవరూ మాట్లాడొద్దు" అన్నాడు ఎర్రన్న, ఆ కుర్రాళ్ళతో. "నువ్వు ఆ తాడు కదల్చకుండా పట్టుకో. మీరిద్దరూ అక్కకి సాయం నిలబడండి." చిత్రం చూశావా, ఇందాక గోల చేసిన కుర్రాళ్ళే గుడి మెట్ల మీద నిలబడ్డట్టు నిలబడ్డారు.

బయన్న దిగాడు. ఈగలు మొహం మీద ముసిరాయి. మెడ మీద, కనురెప్ప మీద కుట్టాయి. చెయ్యి విదిలించలేదు. దానప్ప వణికిపోతూ మెడకి చుట్టుకోబోయాడు. "దానప్పా, నన్ను పట్టుకోకు. రాయిని పట్టుకో" అన్నాడు బయన్న మెల్లగా. తన నడుముకి కట్టగా మిగిలిన తాడు వాడి నడుముకి చుట్టాడు. ముడి వేశాడు. ముడి లాగి చూశాడు. ఇంకోసారి లాగి చూశాడు.

అంతలో పైన ఫట్‌మని దానప్ప పాత తాడు తెగింది. ఇద్దరి బరువూ ఒక్క తాడు మీద పడింది. కాస్త జారారు. ఆగారు. పైన గంగి పట్టు తప్పలేదు.

బయన్న తాడు రెండుసార్లు గుంజాడు. పైనుంచి మెల్లమెల్లగా, తడబడకుండా, అందరూ కలిసి లాగారు.

ఆ తర్వాత ఎర్రన్న భుజం పూర్తిగా నయం కాలేదు. ఇక చరియ దిగలేదు. దిగేవాడు బయన్న, తాడు పట్టేది గంగి. ఆ చుట్టుపక్కల అంత నిబ్బరంగా దిగేవాడు లేడని పేరొచ్చింది వాడికి.

దానప్పేమో, తనని పైకి లాగిన మర్నాడే వాచిన మొహంతో లింగవ్వ వాకిట్లోకి వచ్చాడు. "నేను నవ్వించడం తప్ప ఏం చేశానురా? ఇక మానెయ్యనా?" అని బిక్కమొహం వేశాడు.

"మానకు" అన్నాడు బయన్న, పక్కన చోటిస్తూ. "దిగకముందు నవ్వించు. ఎక్కాక నవ్వించు. మధ్యలో మాత్రం మాతో పాటు ఊరుకో."

దానప్ప కూచున్నాడు. కాసేపటికి ఏదో అన్నాడు. లింగవ్వ బోసినోరు తెరిచి పకపకా నవ్వింది.

ఈగలు పట్టుకి,
మనుషులు గట్టుకి,
కథేమో కంచికి,
నిద్రేమో కంటికి,
మనమేమో ఇంటికి.