ఆమేన్ లేని పనసపండు

అనగనగా ఒక అడవి. ఆ ఏడు వానలు మొహం చాటేసిన అడవి. గడ్డి ఎండింది, చెలమలు ఇంకాయి. పచ్చగా మిగిలింది లోయలో ఒకే ఒక్క పనస చెట్టు. మొదలు నుంచి కొమ్మల దాకా పళ్లే.

ఆ చెట్టు ఎలుగుబంటి కంటపడింది. ఇంకేముంది, దాని కిందే కాపురం పెట్టేశాడు.

ఎలుగు చెడ్డవాడు కాదు, పిల్లలూ. చిన్నప్పుడు ఇలాంటి కరువులోనే వాళ్లమ్మ తిండి లేక చనిపోయింది. ఆకలిని అంత దగ్గరగా చూసినవాడికి, ఎదురుగా కొండంత తిండి ఉన్నా రేపెలాగ అని గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అమ్మ నేర్పిన ప్రార్థన మాత్రం వాడు మర్చిపోలేదు. తినబోయే ముందు కళ్లు మూసుకుని గట్టిగా అనేవాడు.

"తండ్రీ, మాకు తిండి పెట్టావు. నీకు స్తోత్రం."

మీరూ అలాగే కళ్లు మూసుకుంటారుగా! ఒక కన్ను కొంచెం తెరిచి, కోడిగుడ్డు ఎవరి కంచంలో పడిందో చూస్తారని నాకు తెలుసులే.

మొదటి రోజు వాడి ప్రార్థన అవగానే పొదలోంచి "ఆమేన్!" అని వినబడింది.

"ఎవడ్రా అది?" అన్నాడు ఎలుగు.

"నేనే మామా, కుందేలుని. 'మాకు' అన్నావుగా! అందులో నేనూ ఉన్నాననుకుని వచ్చాను."

దేవుడి ముందు అన్న మాట మరి! ఎలుగు గొణుక్కుంటూ ఒక తొన విసిరాడు.

మర్నాడు కొమ్మ మీంచి వచ్చింది ఆమేన్. అది గోరువంక. "ఏం గొంతు మామా నీది! కొండ అవతలికి కూడా వినబడింది" అంది.

"వినబడేలా ప్రార్థించడమే నా తప్పు" అని పళ్లు నూరుతూ ఇంకో తొన ఇచ్చాడు.

మూడో రోజు ఆమేన్ చాలా సన్నగా వచ్చింది. చూస్తే ఉడుత. వెనక ముగ్గురు పిల్లలు, తోకలు వేలాడేసుకుని.

"అన్నా, నాకు పాలు ఎండిపోయాయి. పిల్లలకు తలా ఒక తొన పెట్టు. లేకపోతే వీళ్లు బతకరు" అంది ఉడుత.

ఎలుగు చెట్టు వైపు చూశాడు. ఎన్ని పళ్లో! అయినా వాడి కంటికి అవి కరిగిపోతున్నట్టే కనబడ్డాయి. అప్పుడేం చేశాడో తెలుసా? మళ్లీ కళ్లు మూసుకుని ప్రార్థనే మార్చేశాడు.

"తండ్రీ, నాకు తిండి పెట్టావు. నాకే పెట్టావు. నీకు స్తోత్రం."

ఎవరూ ఆమేన్ అనలేదు.

"విన్నావుగా? ఇక ఇందులో నువ్వు లేవు. పో!" అన్నాడు.

"దేవుడికి నీ పేరొక్కటే తెలుసా అన్నా?" అని ఉడుత పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది.

ఇంకెవరూ రాకముందే అన్నీ తినేయాలని ఎలుగు పళ్లు తెంపి, గోళ్లతో చీల్చడం మొదలుపెట్టాడు. పనసబంక సంగతి మీకు తెలుసు. మీ అమ్మ చేతులకు నూనె రాసుకోకుండా పనసకాయ ముట్టుకోదు. ఎలుగు అరచేతుల నిండా బంకే. ఈగలు ముసిరాయి. తోలబోయి కళ్లు రుద్దుకున్నాడు. అంతే! రెప్పలు అతుక్కుపోయాయి. లాగితే బొచ్చు ఊడింది కానీ కళ్లు తెరుచుకోలేదు. తడుముకుంటూ నీళ్ల కోసం వెళ్లబోతే తల బండకు కొట్టుకుంది. సాయంత్రానికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"తండ్రీ, నాకు సాయం చెయ్యి" అన్నాడు. చడీచప్పుడు లేదు.

అప్పుడు వాడికి అమ్మ గుర్తొచ్చింది. ఆఖరి రోజున ఒకే ఒక్క దుంప దొరికితే, అమ్మ "మాకు" అనే ప్రార్థించింది. ఆ దుంప మొత్తం వీడి నోట్లోనే పెట్టింది. ఎలుగు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తండ్రీ... మాకు సాయం చెయ్యి."

"ఆమేన్" అంది ఒక సన్నటి గొంతు.

ఉడుత వచ్చింది. తను తిని ఎలాగైనా పాలు తెచ్చుకోవాలని తొర్రలో దాచుకున్న ఇప్పగింజలు తెచ్చింది. వాటిని నమిలి, ఆ నూనెను వాడి రెప్పలకు రాయసాగింది.

"కదలకు! ఇంత ఒళ్లుంది, బుద్ధి మాత్రం ఆవగింజంత" అని తిట్టింది. "ఇవి నా ఆఖరి గింజలు. కళ్లు తెరుచుకోగానే ముందు నా పిల్లల మొహాలు చూడు. నీ పళ్లు తర్వాత చూసుకుందువుగాని."

"నిన్ను తరిమేశాను కదమ్మా. ఎందుకొచ్చావు?"

"'మాకు' అన్నావుగా. అందులో నేనూ ఉన్నాను. నువ్వు మర్చిపోయావని నేనూ మర్చిపోవాలా?"

రెప్పలు విడిపోయాయి. ఎదురుగా మూడు చిన్న మొహాలు. కరువులో అమ్మ పక్కన కూర్చున్న తన మొహం కూడా అలాగే ఉండేది. ఎలుగు అన్నిటికన్నా పెద్ద పండును వాళ్ల ముందుకు దొర్లించాడు. గోరువంకను పిలిచి, "కొండ అవతల దాకా చెప్పిరా, అందరినీ భోజనానికి రమ్మను" అన్నాడు.

అందరూ వచ్చారు. ఎలుగు ప్రార్థించాడు. లోయంతా "ఆమేన్" అంది. అయినా వాడు తొన ముట్టుకోలేదు. చెవులు రిక్కించి కూర్చున్నాడు. అందరిలోకీ చిన్న ఉడుతపిల్ల నోటినిండా తొన కుక్కుకుని, ఆలస్యంగా "ఆమే..." అన్నాక గానీ వాడు నోరు తెరవలేదు.

నీతి: దేవుడి దగ్గర 'మాకు' అని చెయ్యి చాచి, ఇచ్చాక 'నాకు' అని గుప్పిట మూయకండి. మీ ప్రార్థనకు ఆమేన్ చెప్పాల్సినవాడు ఆకలితో గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు.