ఏకామ్ర భట్టు ఓడిన వాదం

చిదంబర దీక్షితులవారి శిష్యుల్లో విరూపాక్షుడనే ఆయనకు ఒక దిగులు పట్టుకుంది. గ్రంథానికి వ్యాఖ్య, వ్యాఖ్యకు టీక, టీక మీద టిప్పణం చదివి చదివి ఆయన తల తిరిగిపోయింది. ఒక సాయంత్రం పాఠం ముగిశాక అడిగాడు: "గురువుగారూ, మహానుభావుడెవరో ఒక మాట రాసి వెళ్ళిపోతాడు. తరువాతివాళ్ళు దాన్ని తలా ఒక పక్కకు లాగుతారు. ఆయనే తిరిగివచ్చి, నా మాటకు అర్థం ఇదీ అని చెబితే ఈ గొడవంతా తీరిపోతుంది కదా?"

దీక్షితులవారికి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు లేదు. "ఒకాయన అలాగే వచ్చాడు," అన్నారు. "వచ్చి ఏం బావుకున్నాడో విను." ఆ తరువాత ఆయన చెప్పింది ఇది.

ఏకామ్ర భట్టు గొప్ప శైవపండితుడు. నూనూగు మీసాల వయసులోనే ఈశ్వరుడి అనుగ్రహం గురించి 'దయావివేకం' అనే గ్రంథం రాశాడు. వాదానికి దిగితే ఆయన్ను గెలిచినవాడు లేడు, ఆయన మాట పడనివాడూ లేడు. ఆ గ్రంథంలో ఒక వాక్యం ఉంది: 'ఆకలిగొన్నవాడే అధికారి.' జ్ఞానం కోసం ఆకలి ఉన్నవాడికే శాస్త్రం వినే అర్హత ఉందని ఆయన ఉద్దేశం. నిజం చెప్పాలంటే, మందబుద్ధులు పాఠశాల గడప తొక్కకుండా ఉండాలనే ఆ వాక్యం రాశాడు. రాసి కాశీకి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు, ఆయన గంగ వరదలో పోయాడని ఎవరో యాత్రికుడు కబురు తెచ్చాడు. ఆయన సొంతవూరు నందిరేవంతా ఏడ్చింది. ఆయన చేతిలో ఓడినవాళ్ళు కాస్త తక్కువగా ఏడ్చారు.

పోయింది వేరే ఏకామ్రుడు. మన ఏకామ్రుడు కాశీలో హాయిగా వాదించుకుంటూ ముసలివాడై, చివరికి సొంతవూరి మీద మనసు పోయి, కాలినడకన నందిరేవుకు తిరిగివచ్చాడు. వచ్చేసరికి ఊళ్ళోని శైవమఠం గుమ్మానికి మామిడాకు తోరణాలు కట్టి ఉన్నాయి. లోపల ఒక పటానికి పూలదండ వేశారు. పటంలో ఉన్నాయనకు బొడ్డుదాకా గడ్డం. ఎవరి ఆరాధన అని అడిగితే, "ఏకామ్ర భట్టుగారిది" అన్నారు. భట్టుకు జన్మలో గడ్డం లేదు.

ఆయన్ను ముందుగా గుర్తుపట్టినవాడు పశుపతి పండితుడు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. ఇప్పుడు మఠానికి ఆయనే పెద్ద. కౌగిలించుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెంటనే చెయ్యి పట్టి వెనకనున్న పశువుల కొట్టంలోకి లాక్కుపోయాడు.

"ఒరేయ్ ఏకామ్రా, బతికే ఉన్నావన్నమాట. నాకింతకంటే ఆనందం లేదు. కానీ ఇవాళ రావలసింది కాదురా."

సంగతి ఏమిటంటే, భట్టు పోయాడనుకున్నాక ఆ వాక్యం దగ్గర ఏళ్ళతరబడి ఎవరికీ పొసగలేదు. కొన్నేళ్ళ కిందట కేదారయ్య అనే యువపండితుడు లేచి, ఆకలి అని రాశారు కనుక ఆకలే అన్నాడు. అని ఊరుకోక పొయ్యి వెలిగించాడు. అప్పటినుంచి రేవు దాటివచ్చిన వాళ్ళెవరూ మఠం ముందునుంచి కడుపు మాడ్చుకుని వెళ్ళలేదు. ఈ ఏడు వానలు లేవు. గాదె అడుగంటుతోంది. గ్రంథకర్త చెప్పింది జ్ఞానం ఆకలే గాని అన్నం ఆకలి కాదని, పొయ్యి ఆర్పేయాలని కొందరు పట్టుబట్టారు. అది తేల్చడానికే ఆరోజు సభ.

"వాళ్ళు చెప్పిందే సరి!" అన్నాడు ఏకామ్రుడు.

"నాకు తెలుసురా. అందుకే నిన్ను కొట్టంలోకి తెచ్చాను. సాయంత్రం దాకా చచ్చిపోయే ఉండు, నీకు పుణ్యముంటుంది."

ఆ మాట ఆయనకు ములుకులా తగిలింది. తన పేరు పెట్టుకుని, తను అనని అర్థం ఊరేగుతుంటే పేడకుప్ప పక్కన కూర్చోవాలా? పశుపతి ఎంత చెప్పినా ఆగక నేరుగా సభలోకి నడిచాడు.

అప్పటికి కేదారయ్య మాట్లాడుతున్నాడు. ఏకామ్రుడు నడిమధ్యకు పోయి, "తప్పు! గ్రంథకర్త ఉద్దేశం అది కాదు" అన్నాడు.

"మీకెలా తెలుసు తాతగారూ?"

"ఆ గ్రంథకర్తను నేనే!"

సభ ఆశ్చర్యపోలేదు. "కిందటేడు కూడా ఒకాయన వచ్చాడు," అన్నాడు ముందువరసలో ఒక పెద్దమనిషి. "ఆయన ఇంతకంటే పొడుగు." అయినా కేదారయ్య మర్యాదస్తుడు. అయితే గ్రంథం మొదటి శ్లోకం చదవమన్నాడు. ఏకామ్రుడు చదివాడు. రెండో పాదంలో ఒక మాట తప్పాడు. నలుగురు పిల్లకాయలు ఒక్కగొంతుతో సరిదిద్దారు. భట్టుగారికి కోపం వచ్చి కేకలు వేశాడు. భట్టుగారికి జన్మలో కోపం రాలేదని చరిత్రలో ఉందని వాళ్ళు ఆయనకు తెలియజేశారు.

చివరికి అందరూ పశుపతి వైపు తిరిగారు. "మీరు ఆయనతో చదువుకున్నవారు. చెప్పండి, ఈయన ఆయనేనా?"

పశుపతి అబద్ధమాడే మనిషి కాడు. నిజం చెబితే పొయ్యి ఆరిపోతుంది. "నేనెరిగిన ఏకామ్రుడు వాదంలో ఎన్నడూ ఓడలేదు," అన్నాడు. "ఈయనా ఇంకా ఓడలేదు. కానివ్వండి, చూద్దాం."

వాదం మొదలైంది. ఏకామ్రుడు తన తెలివంతా బయటికి తీశాడు. ఆకలి అనే మాటకు జిజ్ఞాస అని అర్థం చెప్పి, ప్రమాణం మీద ప్రమాణం చూపించాడు. పొయ్యి ఆర్పాలన్నవాళ్ళు శభాష్ అన్నారు. కేదారయ్య ముఖం వాడింది, మాట తడబడింది. "కనుక, పొట్టకు శాస్త్రంతో పనిలేదు..." అని ఏకామ్రుడు ముగింపుకు వస్తున్నాడు. ముందురోజు పొద్దుటినుంచి ఏమీ తినలేదాయన. సరిగ్గా ఆ మాట దగ్గర ఆయన కడుపు గర్జించింది. చిన్నగా కాదు, చివరివరసకు వినిపించేలా.

కేదారయ్య చేతులు జోడించాడు. "తాతగారూ, పూర్వపక్షం మీ నోరు చెబుతోంది. సిద్ధాంతం మీ పొట్ట చెబుతోంది. నేను పొట్టవైపు. లేవండి, విస్తరి వేయిస్తాను."

సభ ఘొల్లున నవ్వింది. పొయ్యి ఆర్పాలన్నవాళ్ళు ముందు బిగపట్టుకున్నారు గాని, వాళ్ళవల్లా కాలేదు. అంత నవ్వాక మళ్ళీ ముఖం ముడుచుకుని పొయ్యి ఆర్పమనడం ఎవరికీ చేతకాలేదు. గాదె నిండేదాకా తలా ఒక బస్తా పంపుతామని ఒప్పుకుని ఇళ్ళకు పోయారు.

ఏకామ్రుడు తల వంచుకుని పంక్తిలో కూర్చున్నాడు. ఓడడం ఆయనకు అదే మొదలు. ఎలా కూర్చోవాలో కూడా తెలియలేదు. అటుపక్క పడవ దిగిన ఉప్పు వర్తకులు. ఇటుపక్క ఒడిలో పిల్లతో ఒక తల్లి. ఆ పిల్ల రెండు ముద్దలు తిని, మూడోది నోట్లో ఉండగానే నిద్రపోయింది. తల్లి పటం వైపు దండం పెట్టింది.

"ఎవరో ఏకామ్ర భట్టట బాబూ," అంది ఏకామ్రుడితో. "ఎంత గొప్ప వంటవాడో!"

ఏకామ్రుడు అన్నం కలుపుకున్నాడు.

అంతలో పశుపతి పులుసు గిన్నెతో స్వయంగా వడ్డనకు వచ్చాడు. వంగి చెవిలో అన్నాడు: "ఒరేయ్, సగం మాట చెప్పి నీకు అన్యాయం చేశాను. ఇప్పుడు సాక్ష్యం చెప్పమంటే చెబుతాను. పొయ్యి ఆరితే ఆరనీ."

ఏకామ్రుడు పిల్ల వైపు చూశాడు. పటంలోని గడ్డం వైపు చూశాడు. తరువాత విస్తరిలోకి చూసుకున్నాడు.

"పులుసు ఇంకొంచెం వెయ్యి," అన్నాడు.

ఆయన నందిరేవులోనే ఉండిపోయాడు. వాదానికొచ్చిన ముసలాయన అంటే ఊళ్ళో అందరికీ తెలిసేది. కేదారయ్య జాలిపడి ఆయనకు 'దయావివేకం' మొదటినుంచి పాఠం చెప్పాడు. ముసలాయన ప్రతి శ్లోకానికీ అడ్డుపడేవాడట. అయినా కేదారయ్య విసుక్కోలేదు. శిష్యుడు బుద్ధికి మధ్యరకమేగాని శ్రద్ధ ఉందని మెచ్చుకునేవాడు. ఆ మాట విన్న రోజున ముసలాయన రాత్రిదాకా పొంగిపోయాడని పశుపతి చెప్పేవాడు.

దీక్షితులవారు అంతటితో ఆపారు. విరూపాక్షుడు ఉండబట్టలేక అడిగాడు: "ఇంతకీ గురువుగారూ, ఆ వాక్యానికి అసలు అర్థం ఏది?"

దీక్షితులవారు ఉత్తరీయం దులుపుకుని లేచారు.

"రాసినవాడే ఓడిపోయాడని చెబుతుంటే, మధ్యలో నన్నడుగుతావేం నాయనా? విన్నవాడివి నువ్వు."