పొడలి ఎత్తిన కాలు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, వరసగా రెండేళ్లు వానలు సరిగ్గా పడలేదు. కొండ మీంచి దిగే వాగు సన్నటి ధారైపోయింది. ఆ అడవిలో పొడలి అనే చుక్కల దుప్పి ఉండేది. దాని కూతురు బుల్లి. పొద్దస్తమానం "అమ్మా, దాహం" అని ఏడ్చేది.

ఆ అడవికి రాజు లేడు. జంతువులన్నీ ఏటా ఒక పెద్దను ఎన్నుకునేవి. ఎవరి కోసం ఎక్కువ కాళ్లు పైకి లేస్తే వాళ్లే పెద్ద. పెద్ద తప్పు చేస్తే ఆపడానికి తాబేలు తాత ఉండేవాడు. ఎక్కడ ఏం జరిగినా చూసొచ్చి చెప్పడానికి గోరువంక ఉండేది.

ఆ ఏడు ఎలుగుబంటి ముందుకొచ్చింది.

"మీ దాహం నా దాహం. నీళ్లెందుకు లేవో తెలుసా? ఏదుపందులు బొరియలు తవ్వి వాగునంతా లోపలికి లాగేస్తున్నాయి. నన్ను పెద్దను చేయండి. వాటి సంగతి నేను చూస్తాను" అంది.

ఇన్నాళ్లకు తన బాధ ఒకరికి అర్థమైందని పొడలికి కళ్లనీళ్లొచ్చాయి. వెంటనే కాలు ఎత్తింది. ఎలుగుబంటి పెద్ద అయింది.

మర్నాడే ఏదుపందులను వెళ్లగొట్టమంది. తాబేలు తాత అడ్డుపడ్డాడు.

"ఎవరినైనా పంపేసే ముందు వాళ్ల మాట వినాలి. అది మన కట్టుబాటు."

"కట్టుబాటు మీ పిల్లల దాహం తీరుస్తుందా?" అని ఎలుగుబంటి అందరినీ అడిగింది. "నన్ను మీరు ఎన్నుకున్నారు. ఈ తాబేలును ఎవరు ఎన్నుకున్నారు? ఈయనా వద్దు, ఈ కట్టుబాటూ వద్దు. అవునన్నవాళ్లు కాలెత్తండి."

పొడలి ఎత్తింది. తాబేలు తాత మెల్లగా అడవి దాటి వెళ్లిపోయాడు. ఆయన వెనకే, పిల్లలను వెంటేసుకుని ఏదుపందులు వెళ్లాయి. బొరియల్లో చుక్క నీరు దొరకలేదు.

కొన్నాళ్లకు గోరువంక ఎగురుకుంటూ వచ్చింది.

"వాగు ఎండిపోలేదు! కొండ మీద ఎలుగుబంట్లు రాళ్లు పేర్చి మడుగు కట్టుకున్నాయి. నా కళ్లతో చూశాను."

ఎలుగుబంటి నిట్టూర్చింది. "చూశారా, ఏదుపందులు దీన్నీ కొనేశాయి. దీని గూడు పీకేద్దామా?"

గోరువంక పొడలి వైపు తిరిగింది. "పొడలమ్మా, రోజూ నీ వీపు మీద వాలేదాన్ని. నేను అబద్ధం చెబుతానా?"

చెప్పదని పొడలికి తెలుసు. కానీ చుట్టూ అన్ని కాళ్లూ లేచి ఉన్నాయి. ఎలుగుబంటి తన వైపే చూస్తోంది. పొడలి తల దించుకుని కాలు ఎత్తింది. గూడుతోపాటు మూడు గుడ్లు కింద పడి పగిలాయి.

వేసవి ముదిరింది. బుల్లి లేవలేకపోయింది. పొడలి ఉండబట్టలేక కొండెక్కింది. అక్కడ నిండు మడుగులో ఎలుగుబంట్లు పొర్లుతున్నాయి. కాస్త నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి కూతురి నోట్లో పోసింది. బుల్లి లేచాక, దాన్ని వెంటబెట్టుకుని సభకు పోయి చూసిందంతా చెప్పింది.

"పొడలమ్మా, నువ్వు కూడానా?" అంది ఎలుగుబంటి, ఎంతో బాధపడినట్టు. "ఏదుపందులు నీకేం ఆశ పెట్టాయి?" అని అందరి వైపు తిరిగింది. "ఈమెనూ వెళ్లగొడదామా?"

"నా మాట పూర్తిగా వినండి! వినకుండా ఎలా వెళ్లగొడతారు?"

"వినాలన్న కట్టుబాటు తీసేసింది మీరే కదమ్మా."

కాళ్లు లేచాయి. పొడలి చెల్లెలి కాలు లేచింది. మంద అంతా ఎత్తింది. పొడలి పక్కకు చూసింది. బుల్లి కూడా చిన్న కాలు పైకెత్తి నిలబడి ఉంది.

"అందరూ ఎత్తారు కదమ్మా" అంది బుల్లి భయంగా. "నువ్వూ ఎప్పుడూ ఎత్తేదానివి కదా."

పొడలి కూతురి నుదురు ఒకసారి నాకింది. అడవి అవతలి బోడికొండల దారిన ఒంటరిగా నడిచింది. అప్పటికి సంగతి అర్థమై, బుల్లి ఏడుస్తూ వెంటపడబోయింది. మంద అడ్డం నిలబడింది.

మరుసటి ఏడాదీ ఎన్నిక జరిగింది. ఎలుగుబంటి ఒక్కటే పోటీకి నిలబడింది. ఎవరు ఎత్తలేదో చూడడానికి దాని బంధువులు చుట్టూ నిలబడ్డాయి. అన్ని కాళ్లూ లేచాయి. వాగులోకి మాత్రం నీళ్లు రాలేదు.

నీతి: ఎదుటివాడి మాట వినకుండానే వాణ్ణి వెళ్లగొట్టడానికి ఒప్పుకుంటే, మన వంతు వచ్చిననాడు మన మాట వినేవాళ్లు మిగలరు.