నూకాలింట్లో తప్పిపోయిన జెర్రిపోతు

పెసరపాలెంలో తెలివనేది ఎక్కడైనా ఉంటే అది తమ తాటాకింట్లోనే ఉందని నూకాలుకి గట్టి నమ్మకం. ఆమె మొగుడు బంగారయ్యదీ అదే నమ్మకం. మరిది సింహాద్రికైతే అంత తెలివి గాలికి బయటికి పోతుందేమోనన్న భయం కూడా ఉండేది. అందుకని పొద్దు వాలేసరికి కిటికీ మూసేసి సందుల్లో పాత గుడ్డలు కుక్కేవాడు. "ఊళ్ళోవాళ్ళు ఊరికే పీల్చేసుకుంటారు వదినా" అనేవాడు. నూకాలుకి ఆ జాగ్రత్త ఎంతో నచ్చేది.

ఒక్కటే లోటు. ఇంత తెలివి ఉండి కూడా ఊళ్ళో ఎవరూ వాళ్ళకి ఓ పని అప్పగించేవారు కాదు. పెళ్ళిలో వడ్డించమనరు, కళ్ళంలో కాపలా ఉండమనరు, ఆఖరికి ఎండలో ఆరేసిన వడియాలు చూస్తుండమని కూడా అనరు. మన తెలివి చూసి జనం భయపడుతున్నారే అని బంగారయ్య సర్దిచెప్పేవాడు. నూకాలు తలూపేది గాని, ఆ మాట ఆమెకి పూర్తిగా దిగేది కాదు.

అలాంటిది ఒక పొద్దున్న బియ్యం కొట్టు వరాలమ్మ గారు చంకలో వెదురుబుట్ట పెట్టుకుని వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. బుట్టలో ఉన్నది బుల్లోడు. బుల్లోడంటే ఆవిడ పెంచుకునే జెర్రిపోతు. బారెడు పాము. బస్తాల మధ్య తిరుగుతూ ఎలుకల్ని పట్టి తింటాడు. విషం లేదు, కోపం లేదు. అయినా ఊళ్ళో అందరికీ వాడంటే హడలు.

"నూకాలూ, మా చెల్లెలు కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వెళ్ళి నాలుగు రోజుల్లో వచ్చేస్తాను. మా గుమాస్తాకి జ్వరం. వీణ్ణి ఎవరింట్లో పెడదామన్నా తలుపులేసుకుంటున్నారు. నువ్వు ఉంచుకుంటావా?"

"ఏమైనా చేస్తాడా అమ్మగారూ?"

"అబ్బే, వీడు ఏమీ చెయ్యడే."

"మా సింహాద్రీ అంతేనండి, ఏమీ చెయ్యడు. ఇద్దరికీ బాగా కుదురుతుంది."

వరాలమ్మ గారు ఒక్క క్షణం తటపటాయించింది. కాని బస్సు వేళైపోతోంది. "మొన్ననే కడుపునిండా తిన్నాడు, తిండి పెట్టక్కర్లేదు. బుట్ట మూత మాత్రం తియ్యకండి. నేనొచ్చేదాకా వీణ్ణి కంటికి రెప్పలా చూసుకోవాలి" అని చెప్పి వెళ్ళిపోయింది.

నూకాలు ఆ బుట్టని రెండు చేతులా పట్టుకుని లోపలికి నడిచింది. ఆమె కళ్ళు చెమర్చాయి. కాపురానికొచ్చిన పన్నెండేళ్ళలో ఒకరు నమ్మి ఒకటి అప్పగించడం ఇదే మొదలు.

ముగ్గురూ బుట్ట చుట్టూ కూర్చున్నారు.

"కంటికి రెప్పలా అన్నారు కదా. రెప్ప ఏం చేస్తుందే?" అన్నాడు బంగారయ్య.

నూకాలు రెప్పలు ఆడించి చూసుకుంది. "మూసుకుంటుంది. తెరుచుకుంటుంది. మళ్ళీ మూసుకుంటుంది."

"అయితే మనం కూడా బుట్ట తెరుస్తూ మూస్తూ ఉండాలి."

"మూత తియ్యొద్దన్నారు కదయ్యా."

చిక్కొచ్చి పడింది. మధ్యాహ్నందాకా ముగ్గురూ కదలకుండా ఆలోచించారు. చివరికి సింహాద్రికి తట్టింది. "మూత తియ్యొద్దన్నారు గాని, అడుగు తియ్యొద్దనలేదుగా వదినా."

నూకాలు మరిది తల నిమిరింది. అంతే, కత్తిపీట తెచ్చి బుట్ట అడుగు గుండ్రంగా కోసేశారు. ఇక బుట్ట ఎత్తడం, దించడం. ఎత్తితే రెప్ప తెరిచినట్టు, దించితే మూసినట్టు. పదిసార్లు ఎత్తినా బుల్లోడు చుట్ట చుట్టుకుని అక్కడే పడుకున్నాడు. పదకొండోసారి ఎత్తేసరికి నేల ఖాళీ.

ఇంకేముంది, నూకాలు గుండెలు బాదుకుంటూ ఎదురింటి దర్జీ కనకారావు దగ్గరికి పరుగెత్తింది. అతను మిషను తొక్కడం ఆపకుండానే అంతా విన్నాడు.

"తలుపు మూసే ఉంది కదప్పా?"

"మూసే ఉంది తమ్ముడూ."

"అయితే ఎక్కడికీ పోదు, ఇంట్లోనే ఉంటుంది. కంగారు పడకుండా మూలమూలా వెతకండి."

మూలలు నాలుగు, మనుషులు ముగ్గురు. నాలుగో మూలలో బంగారయ్య చొక్కా తగిలించి, దాన్ని కాపలా పెట్టారు. ముగ్గురూ తలో మూలా మొహం పెట్టుకుని కూర్చుని వెతకడం మొదలెట్టారు. కాసేపటికి మెడ నొప్పి పుట్టి నూకాలు వెనక్కి తిరిగింది. గది నడిమధ్య బుల్లోడు తాపీగా పాకుతున్నాడు.

"ఏమయ్యా, ఇదిగో వీడు."

"ఏ మూల?"

"మూల కాదు, నడిమధ్య."

"నడిమధ్య సంగతి మనకెందుకే. అతను మూలల్లో వెతకమన్నాడు. వాడు మూలకి వచ్చాక చెప్పు."

నూకాలుకి అదీ నిజమే అనిపించింది. "కొంచెం అటు జరుగు బాబూ, వెతుకుతున్నాం" అని పాముకి మర్యాదగా చెప్పి మళ్ళీ మూలకి తిరిగింది. బుల్లోడు జరిగాడు. జరిగి జరిగి కుండల వరస చాటుకి పోయి, ఇంక కనపడలేదు.

మర్నాడు ఈ కబురు విని కనకారావు చేతిలో కత్తెర జారిపోయింది. "కళ్ళెదుట కనపడినదాన్ని వదిలేశారా? సరే, ఈసారి మూలా నడుమా అని చూడకండి. ఇల్లంతా జల్లెడ పట్టండి."

అంతే. నూకాలు ఇంట్లో ఉన్న జల్లెడకి తోడు ఇరుగుపొరుగు నుంచి ఇంకో రెండు అడిగి తెచ్చింది. ముందు బియ్యం జల్లించారు. పాము లేదు. కందిపప్పు జల్లించారు, ఉప్పు జల్లించారు, పొయ్యిలో బూడిద జల్లించారు. దిండ్లు కోసి దూది జల్లించారు. చింతపండు ఎంత ఊపినా దిగలేదు. బంగారయ్యకి దాని మీద అనుమానమొచ్చి, రెబ్బ రెబ్బా ఒలిచి చూశాడు.

"ఇంత పొడుగు పాము ఇంత చిన్న బెజ్జంలోంచి దిగుతుందా అన్నా?" అని అడిగాడు సింహాద్రి.

"దిగదురా. అందుకే జల్లెడ పట్టమన్నాడు. దిగకపోతే పైన మిగులుతాడు, పట్టుకుంటాం."

తమ్ముడు అన్న తెలివికి దండం పెట్టాడు.

ఆఖర్న కారం వంతు వచ్చింది. ఏడాదికి సరిపడా కొట్టించిన కారం. మూడు జల్లెళ్ళూ ఒక్కసారే ఆడాయి. ఇంకేముంది, ఇల్లంతా ఎర్రమబ్బు కమ్మేసింది. తుమ్మి తుమ్మి ఒకరి జల్లెడ ఒకరి నెత్తిన బోర్లించుకున్నారు. బియ్యం, పప్పు, బూడిద, దూది, కారం అన్నీ కలిసి ఒకటే కుప్పయ్యాయి. కుండల వెనక నేల మీద పల్చగా, పొడుగ్గా, తెల్లగా ఏదో కనపడింది. నూకాలు చేత్తో తీసి చూసింది. పాము విడిచిన కుబుసం.

"బట్టలు విప్పేశాడయ్యా" అంది తుమ్ముల మధ్య.

"కారం పడి ఉంటుంది, పాపం" అన్నాడు సింహాద్రి.

"పోనీలే, మంచిదే అయింది. ఒంటి మీద బట్ట లేకుండా గడప దాటడు. పరువు గల ఇంటి పాము. ఇక్కడే ఎక్కడో సిగ్గుపడి దాక్కున్నాడు" అంది నూకాలు.

ఆ కుబుసాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, బండకేసి ఉతికి, తీగ మీద ఆరేసింది. ఉతుకుడుకి అది మూడు ముక్కలైంది. మూడూ మడత పెట్టుకుని మళ్ళీ దర్జీ దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, ఇదే కొలతకి ఇంకోటి కుట్టిపెట్టు. కాస్త మందపాటి గుడ్డ వెయ్యి. ఎల్లుండి వరాలమ్మ గారొస్తారు. వాణ్ణి ఇలా చూస్తే ఏమనుకుంటారు?"

కనకారావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "చేతులు పొట్టివా, పొడుగువా?"

నూకాలు ఆలోచనలో పడింది. "అంత పరీక్షగా చూడలేదు తమ్ముడూ. రెండు రకాలూ కుట్టెయ్."

"అప్పా, నీకో దండం. ఇల్లు పీకి పందిరేస్తే గాని మీకా పాము దొరకదు. ఇంక వెళ్ళు."

నూకాలు అక్కడే నిలబడిపోయింది. ఇల్లు పీకడమంటే మాటలా? ఆ తాటాకు కిందికే తను కాపురానికొచ్చింది. ఆ గోడలకి ఏటేటా తనే మట్టి మెత్తి, సున్నం పూసింది. కాని బుట్ట చేతికిచ్చి వెళ్ళిన వరాలమ్మ గారి మొహం గుర్తొచ్చింది. తమని నమ్మిన మనిషి ఊరి మొత్తానికి ఆవిడొక్కతే. కొంగుతో కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చింది.

"పీకాలంటయ్యా."

బంగారయ్య ఎందుకని అడగలేదు. "పందిరికి ఎన్ని రాటలు?" అని మాత్రం అడిగాడు.

రెండు రోజులు ముగ్గురూ తిండీ నీళ్ళూ చూసుకోకుండా పనిచేశారు. తాటాకు దించారు, వాసాలు విప్పారు, దూలాలు దొర్లించారు, గోడలు పడగొట్టారు. వాసాలే పాతి రాటలు చేసి, ఆ తాటాకే పైన పరిచారు. ఆఖరి రాట దగ్గర సింహాద్రికి తాడు చాల్లేదు. దించిన తాటాకుల్లో చెయ్యి పెట్టి వెతికితే బారెడు తాడు దొరికింది. రాటకి ఆనించాడో లేదో అది చకచకా చుట్టుకుపోయింది.

"వదినా, ఈ తాడు చూడు. ముడి వెయ్యకుండా తనే చుట్టుకుంటోంది. మెత్తగా కూడా ఉంది."

"మంచి తాడు. పాడు చెయ్యకు, వాడుకున్నాక దాచిపెడదాం" అంది నూకాలు. ఆమె కళ్ళు మాత్రం నేలంతా గాలిస్తున్నాయి. ఇల్లూ పీకాం, పందిరీ వేశాం, బుల్లోడు ఇంకా రాడేం అని ఆమె దిగులు.

పందిరి చూసి ఊరి జనం వచ్చారు. పెళ్ళెవరికని అడిగి, నలుగురు పెద్దవాళ్ళు భోజనానికి కూర్చున్నారు కూడా. అప్పుడే బస్సు దిగిన వరాలమ్మ గారు సంచీతో అటే వచ్చింది.

"నూకాలూ, మీ ఇల్లేదే?"

"పీకేశామండి."

"ఎందుకే?"

"మీ బుల్లోడి కోసమండి." అంతవరకు బిగపట్టుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. "కంటికి రెప్పలాగే చూసుకున్నామండి. ఎత్తాం, దించాం. మూత మాత్రం తియ్యలేదు, కావలిస్తే చూడండి. అయినా పోయాడు. ఇంక ఈ ఊళ్ళో మాకెవరూ ఏదీ ఇవ్వరు."

వరాలమ్మ గారు మూత ఉండి అడుగు లేని బుట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత ఆవిడ చూపు పందిరి రాట మీద పడింది. సింహాద్రి కట్టిన తాడు తల ఎత్తి, ఆవిడ వైపు నాలుక ఆడించింది. ఆవిడ వెళ్ళి ఓపిగ్గా చుట్టలు విప్పి బుల్లోణ్ణి భుజం మీద వేసుకుంది.

"అమ్మగారూ, అది తీసేస్తే పందిరి నిలవదండి" అన్నాడు సింహాద్రి.

అతనన్నంతా అయింది. ఆ రాటకి వేరే కట్టు లేదు. పందిరి ఆ వైపు మెల్లగా ఒరిగి, భోజనానికి కూర్చున్న నలుగురి మీదా తాటాకు కప్పేసింది.

వరాలమ్మ గారికి చాలా మాటలు నోటిదాకా వచ్చాయి. కాని కారానికీ ఏడుపుకీ ఎర్రబడ్డ నూకాలు కళ్ళు చూసి ఆగిపోయింది. నా పాము కోసం సొంత ఇల్లు పీకినవాళ్ళని ఇంకెక్కడ చూస్తాను అనుకుంది. "రేపు కూలీల్ని పంపిస్తాను, తాటాకు నేనే ఇస్తాను, ఇల్లు మళ్ళీ కట్టుకోండి. ఇంక ఏడవకు నూకాలూ. జరిగింది మర్చిపోండి. పాము మాటే మర్చిపోండి" అంది.

నూకాలు మొహం వెలిగిపోయింది. ఆవిడ కోప్పడలేదు సరికదా, వెంటనే రెండో పని అప్పగించింది. అంతే, పడిన పందిరి పక్కనే ముగ్గురూ వరసగా కూర్చుని మర్చిపోవడం మొదలెట్టారు.

"మర్చిపోయావా?" అన్నాడు బంగారయ్య.

"దేన్ని?"

"పాముని."

"మర్చిపోయానయ్యా. నువ్వే ఇప్పుడు గుర్తుచేశావు."

మళ్ళీ మొదటికొచ్చింది. ఇలా నాలుగైదుసార్లయ్యాక నూకాలు ఒక ఉపాయం చెప్పింది. అందరూ ఒకేసారి మర్చిపోతే ఏది మర్చిపోవాలో ఎలా తెలుస్తుంది? ఒకరు గుర్తుపెట్టుకోవాలి, మిగతా ఇద్దరూ మర్చిపోవాలి. గుర్తుపెట్టుకునే పని సింహాద్రికి ఇచ్చారు. కొత్తింటి మీదికి తాటాకు ఎక్కేలోపల సింహాద్రి అది కాస్తా నిజంగానే మర్చిపోయాడు.

ఇంకేముంది, ఇప్పటికీ రోజూ పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి ముగ్గురూ వెళ్ళి వరాలమ్మ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడతారు.

"అమ్మగారూ, మేం మర్చిపోవాల్సింది ఏమిటో ఒక్కసారి చెప్పండి."

"పాముని" అంటుంది ఆవిడ, తూకం నుంచి తల ఎత్తకుండా.

"అదే, అదే" అనుకుంటూ ముగ్గురూ గబగబా ఇంటికి పోయి మళ్ళీ మొదట్నుంచి మర్చిపోవడానికి కూర్చుంటారు.